మబ్బును నమ్మి ముంత ఒలకబోసుకోవచ్చునా?



ఉద్యోగవిరమణ చేసిన తెలుగు పండితుని ఆస్తి ఏపాటిది? నాలుగు బీరువాల పుస్తకాలు, మిత్రుల ఉత్తరాలు, అవధాన సభలలో ఆశువుగా వచ్చి చిత్తుకాగితాలపై నిలిచిన పద్యాలు, నాయనగారి నాటి భూమి పత్రాలు, పిల్లల పెళ్ళి ఛాయాచిత్రాలు. వీటిలో చాలా భాగం స్కాను చేయించి కంప్యూటరులోకి ఎక్కించుకున్నాను. “అన్నీ క్లౌడులో పెట్టేయండి నాన్నా, ఇక చింత ఉండదు” అని పిల్లలు. “మన కాగితాలు ఊరూ పేరూ తెలియని వాళ్ళ చేతిలో పెట్టడమేమిటి స్వామీ?” అని నా ఈడు మిత్రులు. మబ్బులో నీళ్ళు చూసి ముంత ఒలకబోసుకున్నట్టు అన్న సామెత అందరికీ తెలిసినదే. వాన కోసం ఆకాశం వంక చూసి చూసి మెడలు నొప్పి పుట్టిన మా సీమవాసులకు దాని అర్థం మరికాస్త లోతుగా తెలుసు.

సాంకేతిక విషయాలలో నేను నిపుణుడను కాను. అయితే ‘మన పత్రాలు పరాయి చేతికి ఇస్తే ఏమవుతుంది?’ అన్న ప్రశ్న మా కడప జిల్లాకు కొత్తది కాదు. రెండు వందల సంవత్సరాల క్రితమే ఊరూరా ఆ పరీక్ష జరిగింది. దాని ఫలితం మన కళ్ళ ముందే ఉన్నది. ఆ కథ చెప్పుకుంటే నేటి ప్రశ్నకు కొంత దారి దొరుకుతుందని నా నమ్మకం.

పూర్వం మన పెద్దలు పత్రాన్ని బట్టి దాచే పద్ధతిని ఎంచుకునేవారు. పదిమందికీ తెలియవలసిన దానం గుడి ముందర రాతిమీద చెక్కించేవారు. దానం పుచ్చుకున్నవాని హక్కును నిలిపే శాసనం రాగిరేకుల మీద వ్రాయించి అతని చేతికే ఇచ్చేవారు. గ్రామచరిత్ర, పొలిమేరలు, మాన్యాలు, పన్నుల వివరాలు కరణం ఇంట కవిలెలలో ఉండేవి. వీటికే దండకవిలెలని పేరు. మొదటిది అందరిదీ, రెండవది సొంతదారునిది, మూడవది నమ్మకస్తుని చేతిలోనిది. నేటి భాషలో చెప్పాలంటే కరణం ఇల్లే ఊరికి సర్వరు!

కవిలెకు శత్రువులు ఎందరు! చెద, తేమ, అగ్ని, దండయాత్రలు, దాయాదుల తగాదాలు. తాటాకు ప్రతులు వ్రాసిన లేఖకులు చివర ఒక విన్నపం చేర్చేవారు. నూనె నుండి, నీటి నుండి, వదులు కట్టు నుండి తనను కాపాడమని, మూర్ఖుని చేతికి మాత్రం ఇవ్వవద్దని గ్రంథమే వేడుకుంటున్నట్లు ఉంటుంది ఆ విన్నపం. మొదటి మూడూ ప్రకృతి వలన, అజాగ్రత్త వలన వచ్చే ఆపదలు. నాలుగవది మనిషి వలన వచ్చేది. నేటికీ ఈ జాబితాలో తీసివేయవలసినది ఒక్కటీ లేదు.

1800లో నిజాము మా ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తం చేశాడు. దత్తమండలాలన్న పేరు అలా వచ్చింది. ఆ తరువాతి రెండు దశాబ్దాలలో కల్నల్ కాలిన్ మెకంజీ పనుపున ఆయన సహాయకులు గ్రామాలు తిరిగి స్థానిక చరిత్రలు సేకరించారు. కరణాలను, పెద్దలను అడిగి, కవిలెలు చూసి వ్రాసుకున్న ఆ చరిత్రలే కైఫీయతులు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల గ్రామాలకూ కైఫీయతులు ఉన్నాయి. ఊరికి పేరు ఎలా వచ్చింది, గుడి ఎవరు కట్టించారు, ఏ రాజు ఏ మాన్యం ఇచ్చాడు, ఏ పాలెగాని కాలంలో ఏమి జరిగింది, అన్నీ ఆ తెలుగులోనే, ఫారసీ రెవెన్యూ మాటలతో కలగలిసి కనిపిస్తాయి.

ఇక ఆ కాగితాల ప్రయాణం చూడండి. మెకంజీ 1815లో భారతదేశానికి మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు, తరువాత కలకత్తా వెళ్ళాడు. సేకరణ కూడా వెంట వెళ్ళింది. 1821లో ఆయన మరణించాడు. ఆయన భార్య నుండి కంపెనీ ప్రభుత్వం లక్ష రూపాయలకు ఆ సేకరణను కొన్నది. విల్సన్ పండితుడు 1828లో దానికి వివరణాత్మక సూచి ప్రకటించాడు. కొంత భాగం లండనుకు పోయింది. దక్షిణాది భాషల ప్రతులు మద్రాసుకు తిరిగివచ్చాయి. జమ్మలమడుగు కరణం చెప్పగా వ్రాసుకున్న మాట కలకత్తా చూసి మద్రాసు చేరిందన్నమాట. ఆ మాట చెప్పినవానికి తన మాట ఎక్కడున్నదో తెలిసే దారి లేదు.

చెప్పినవాని సంగతి అలా ఉండగా, సేకరించినవాని సంగతి మరీ విచారకరం. మెకంజీకి కుడిభుజాలైన కావలి సోదరులలో బొర్రయ్య చిన్నవయసులోనే 1803లో గతించాడు. లక్ష్మయ్య ఆ భారం మోశాడు. మెకంజీ పోయిన తరువాత ఆ పని కొనసాగించే అవకాశం తనకు ఇవ్వమని లక్ష్మయ్య కోరాడు. కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ పెద్దలు అంగీకరించలేదు. సేకరణను పరిశీలించే పని విలియం టేలర్ అనే క్రైస్తవ మతాచార్యునికి దక్కింది. ఊరూరా తిరిగి ప్రోగుచేసినవాడు బయట, తాళంచెవి లోపల! ఖాతా మనది, తాళం వేరొకరిది అన్న నేటి పరిస్థితికి ఇంతకన్నా పాత ఉదాహరణ నాకు తోచదు.

టేలరు 1838 నాటి పరిశీలనలో ఒక చేదునిజం బయటపడింది. సర్కారు భద్రతలో ఉన్న ప్రతులు కూడా పాడవుతున్నాయి. సిరా వెలిసిపోతున్నది, పురుగు తొలుస్తున్నది. అందువల్ల ఆయన కొన్నింటిని తిరిగి వ్రాయించవలసి వచ్చింది. పెద్ద భవనంలో పెట్టినంత మాత్రాన కాగితం చిరంజీవి కాదు.

ఇక్కడ మన బ్రౌను దొర ప్రవేశిస్తాడు. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1820లో కడపకు ఉద్యోగిగా వచ్చాడు. బంగళా కొని, జీతాలిచ్చి పండితులను, లేఖకులను పెట్టుకున్నాడు. జనం దానిని బ్రౌన్ కాలేజీ అన్నారు. 1829లో వేమన పద్యాలు అచ్చువేయించాడు. ఆయన పద్ధతి గమనించదగినది. ఒక గ్రంథానికి ఒక్క ప్రతి దొరికితే ఊరుకోలేదు. అనేక ప్రతులు తెప్పించి, పక్కపక్కన పెట్టి పోల్పించి, తప్పులు దిద్దించి, శుద్ధప్రతి వ్రాయించాడు. జూలూరి అప్పయ్య వంటి పండితులు ఆ శ్రమకు వెన్నెముకలు. మెకంజీ సేకరణలోని స్థానిక చరిత్రలకు కూడా బ్రౌను నకళ్ళు తీయించాడు. తాను కూడబెట్టిన ప్రతులను మద్రాసు లిటరరీ సొసైటీకి అప్పగించాడు. మెకంజీ సేకరణ, లండనులోని కంపెనీ గ్రంథాలయం నుండి తిరిగివచ్చిన ప్రతులు, బ్రౌను సేకరణ, ఈ మూడింటి పునాది మీదనే మద్రాసు ప్రభుత్వ ప్రాచ్యలిఖిత గ్రంథాలయం నిలిచింది.

తరువాతి కథ మనవాళ్ళకు తెలిసినదే. కడప ఎర్రముక్కపల్లెలో బ్రౌను బంగళా మొండిగోడలుగా మిగిలిన చోట, జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారి పట్టుదల వలన బ్రౌన్ గ్రంథాలయం వెలిసింది. ఆ పరిశోధన కేంద్రమే కడప జిల్లా కైఫీయతులను కట్టా నరసింహులుగారి సంపాదకత్వంలో సంపుటాలుగా అచ్చువేసింది. ఊరు వదలిన మాటలు దాదాపు రెండు శతాబ్దాలకు మళ్ళీ జిల్లాకు చేరాయి.

ఈ చరిత్ర నుండి ఏమి గ్రహించాలి? కరణం ఇంట మాత్రమే ఉన్న మూల కవిలెలు నేడు దాదాపు అలభ్యం. ఊరు దాటి పోయిన నకళ్ళే బ్రతికాయి. కనుక పరాయి చేతికి ఇవ్వడం వలన కాగితం బ్రతికిందని ఒప్పుకోక తప్పదు. అయితే మద్రాసు దాకా వెళ్ళగలిగిన విద్వాంసునికి తప్ప, ఆ ఊరివానికి అది తరతరాలపాటు అందలేదు. భద్రత వేరు, అధీనం వేరు. ఒకటి దొరికిందని రెండవది కూడా దొరికినట్లు భ్రమపడరాదు. ఆ రెంటినీ కొంతవరకైనా కలిపినవాడు బ్రౌను. ఆయన ఆయుధం నకలు.

ఎర్రగుంట్ల దగ్గరి కలమళ్ళ శాసనాన్నే చూడండి. ఆరవ శతాబ్దికి చెందిన రేనాటి చోళ ధనంజయుని శాసనమది. తెలుగులో మొదటి శాసనంగా మనమంతా గర్వంగా చెప్పుకుంటాము. దానిని చదివినవారిలో ఎక్కువమంది చూసినది రాతిని కాదు, ఎపిగ్రాఫియా ఇండికాలో ప్రకటితమైన దాని అచ్చును. రాతికి కూడా నకలే రక్ష!

ఇప్పుడు క్లౌడుకు వద్దాం. పేరు మబ్బు గాని, అది ఆకాశంలో లేదు. ఎక్కడో నేలమీద, ఒక భవనంలో, విద్యుత్తుతో నడిచే డిస్కుల వరుస. అది కూడా కాలుతుంది. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజాన్ నగరంలో ప్రభుత్వ డేటా కేంద్రంలో బ్యాటరీల వలన అగ్నిప్రమాదం జరిగింది. అక్కడి ఉద్యోగులు తమ దస్త్రాలు దాచుకునే ప్రభుత్వ క్లౌడు, 858 టెరాబైట్లు, నాశనమైపోయింది. వేరొకచోట నకలు లేదు. అంత సాంకేతిక దేశంలోనే అలా జరిగింది.

నిప్పు అంటకుండానే మూతపడినవి మనం చూసినవే. జియోసిటీస్ 2009లో మూతపడింది. రచ్చబండ వంటి చర్చలకు చోటిచ్చిన యాహూ గుంపుల పాత సంభాషణలను 2019 చివర తొలగించసాగారు, 2020 డిసెంబరులో గుంపులే మూతపడ్డాయి. గూగుల్ ప్లస్ 2019లో పోయింది. మన టపాలను ఒకచోట చేర్చిన కూడలి, జల్లెడలను తలచుకుంటే నాకు ఇప్పటికీ గుండె కలుక్కుమంటుంది. ఉచితమన్నది ఉచితంగానే ఉంటుందన్న హామీ కూడా లేదు. గూగుల్ ఫొటోలకు హద్దులేని ఉచిత నిల్వ 2021 జూన్ 1తో ముగిసింది. రెండేళ్ళు తెరిచి చూడని వ్యక్తిగత ఖాతాలను తొలగించే నిబంధనను ఆ సంస్థ 2023లో ప్రకటించింది. మన వయసువారు దీనిని ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. మనం పోయిన తరువాత పిల్లలు దుఃఖం దిగమింగి, తీరిక చేసుకొని వెతికేలోగా ఆ రెండేళ్ళు గడచిపోవచ్చు.

అలాగని ఇంట్లోనే దాచుకుంటే? 2021 నవంబరులో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు దిగువ పల్లెలలో ఇళ్ళే కొట్టుకుపోయాయి. ఇల్లు పోయినచోట బీరువాలోని కాగితాలకు రక్ష ఏది? జమ్మలమడుగు వైపు గండికోట జలాశయం నింపినప్పుడు తాళ్ళప్రొద్దుటూరు వంటి ఊళ్ళు నీటి పాలయ్యాయి. బళ్ళకెత్తుకొని తరలివెళ్ళేటప్పుడు మూటల్లో ఏవి ఎక్కాయో, ఏవి జారాయో ఎవరు లెక్క పెట్టారు? చేతిలో ఉన్నదంతా భద్రమన్నది కూడా భ్రమే.

కనుక నేను చేసుకున్న ఏర్పాటు ఇది. నా దస్త్రాల మూలప్రతి ప్రొద్దుటూరులో నా కంప్యూటరులో ఉన్నది. ఒక నకలు జమ్మలమడుగులో మా తమ్ముని ఇంట హార్డ్‌డిస్కులో ఉన్నది. అయితే ఈ రెండూళ్ళూ పెన్నేటి గట్టువే. పెన్నకు కోపం వస్తే రెండింటికీ ఒకేసారి రావచ్చు. అందువల్ల మరొక నకలు పులివెందులలో మా అమ్మాయి ఇంట ఉంచాను. ప్రతి సంవత్సరం సరస్వతీపూజ నాడు, తాటాకు గ్రంథాలను దించి దులిపినట్లే, వీటిని తెరచి చూడాలని నియమం పెట్టుకున్నాను. తెరచి చూడని నకలు ఉన్నదో లేదో ఎవరికి తెలుసు?

క్లౌడు నాకు మూడవ నకలు. జిల్లా మొత్తానికి ఆపద వస్తే ఆదుకునేది అదే గనుక దానిని వదలుకోను. అయితే దానిలో రెండు కట్టుబాట్లు. పద్యాలు, వ్యాసాలు, ఛాయాచిత్రాలు యథాతథంగా పెడతాను. భూమి పత్రాలు, బ్యాంకు కాగితాలు మాత్రం నా దగ్గరే సంకేతపదంతో తాళం వేసి, అప్పుడు పంపుతాను. ఆ సంకేతపదం కాగితం మీద వ్రాసి కవరులో పెట్టి మా అమ్మాయికి ఇచ్చాను. ఖాతా కొంతకాలం కదలకపోతే నిర్ణయించిన వ్యక్తికి అప్పగించే సదుపాయం గూగుల్‌లో ఉన్నది, దానినీ అమర్చుకున్నాను. కరణాల వ్యవస్థ 1984లో రద్దయినప్పుడు దస్త్రాలు ఎవరికి అప్పగించాలో సర్కారు చెప్పింది. మన దస్త్రాలకు మనమే చెప్పాలి. ఇంకొక హెచ్చరిక. కంప్యూటరులో చెరిపితే క్లౌడులో కూడా చెరిగిపోయే ఏర్పాటును చాలామంది నకలు అనుకుంటున్నారు. అది నకలు కాదు, నీడ. మనిషి కదిలితే నీడా కదులుతుంది.

చివరిగా లిపి మాట. దస్త్రం ఉండి, చదివేవాడు లేకపోతే ఉన్నట్టా, లేనట్టా? యూనికోడుకు ముందు రకరకాల ఖతులలో కొట్టించిన తెలుగు ఫైళ్ళు ఆ ఖతి లేనిచోట పిచ్చిగీతలే. ఆ రోజుల్లో లేఖినితో కుస్తీపట్టి యూనికోడులో వ్రాసిన మనవాళ్ళు తెలియకుండానే పెద్ద ఉపకారం చేశారు. మీ పాత ఫైళ్ళు ఏవైనా మిగిలి ఉంటే, వాటిని చదవగల యంత్రం ఉండగానే యూనికోడులోకి మార్చుకోండి.

నా మనవి ఒక్కటే. ఈ వారంలో ఒక పూట కేటాయించి మీ బ్లాగు మొత్తాన్ని మీ కంప్యూటరులోకి దించుకోండి. బ్లాగరులోనూ, వర్డ్‌ప్రెస్‌లోనూ ఆ సదుపాయం ఉన్నది. వ్యాఖ్యలను కూడా మరువకండి, వాటిలో ఇప్పుడు మన మధ్య లేని మిత్రుల మాటలున్నాయి. దించుకున్న తరువాత ఇంకొక ఊరిలో ఇంకొకరికి ఒక నకలు పంపండి. మీరు పాటించే పద్ధతులు వేరే ఉంటే వ్యాఖ్యలలో తెలియజేయండి. మబ్బు వర్షిస్తే సంతోషమే, ముంతను మాత్రం నిండుగా ఉంచుకుందాం.