బర్‌ఖాస్తు నుంచి లాగౌట్ దాకా

"ఆఫ్ ది ఫ్యాన్" అని రాసిన పిల్లవాడి పేపర్ మీద ఎర్రగీత పడుతుంది. పలమనేరు, పుంగనూరు, కుప్పం వైపు తెలుగు మీడియంలో చదువుకుని బెంగళూరు బస్సెక్కిన మా తరానికి ఆ గీత బాగా పరిచయం. ఆఫీసులో ఎవరైనా అదే మాటంటే గీత ఉండదు, చుట్టుపక్కల చిన్న నవ్వు ఉంటుంది. గీతకన్నా ఆ నవ్వే ఎక్కువ గుచ్చుకుంటుంది. వీళ్ళకి ఇంగ్లీషు రాదు, పైగా తెలుగునీ పాడు చేసుకున్నారు అనే తీర్పు అందులో ఉంటుంది. నాకు ఆ తీర్పు మీదే పేచీ.

ముందు ఇంగ్లీషు సంగతి. గివ్, టేక్, పుట్, సెట్ లాంటి పొట్టి క్రియలు ఒంటరిగా ఉన్నప్పుడు అమాయకంగానే ఉంటాయి. పక్కన అప్, ఆఫ్, ఔట్ వచ్చి కూర్చోగానే ప్లేటు ఫిరాయిస్తాయి. గివ్ అంటే ఇవ్వడం, గివ్ అప్ అంటే వదులుకోవడం. పుట్ అంటే పెట్టడం, పుట్ ఆఫ్ అంటే వాయిదా వెయ్యడం. 1755లో నిఘంటువు అచ్చేసిన శామ్యూల్ జాన్సన్, పరాయి వాళ్ళని బాగా ఇబ్బంది పెట్టేవి ఇవేనని తన ముందుమాటలో ఒప్పుకున్నాడు. ఇంతా చేస్తే 'ఫ్రేజల్ వెర్బ్' అనే పేరు పుస్తకానికెక్కింది 1925లో, లోగన్ పియర్సాల్ స్మిత్ చేతుల మీదుగా. ఆ పేరు సూచించింది ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకుడు హెన్రీ బ్రాడ్లీ అని ఆయనే చెప్పాడు.

ఇందులో కర్మ ఎక్కడ కూర్చోవాలన్నది ఇంకో తలనొప్పి. "టర్న్ ఆఫ్ ది లైట్" అనొచ్చు, "టర్న్ ది లైట్ ఆఫ్" అనొచ్చు. లైట్ బదులు సర్వనామం పెడితే "టర్న్ ఇట్ ఆఫ్" ఒక్కటే చెల్లుతుంది. "లుక్ ఆఫ్టర్"లో మళ్ళీ ఆ 'ఆఫ్టర్' క్రియని వదిలి కదలదు. కోడ్‌లో ఇలాంటి రూల్ ఎవరైనా రాస్తే రివ్యూలో తిప్పి పంపిస్తాం.

తెలుగులో ఈ గొడవ లేదు, ఎందుకంటే క్రియ చివర కూర్చుంటుంది, దాని తర్వాత ఇంకేమీ రాదు. ఇంగ్లీషువాడు అప్, అవే అనే తోకలతో చేసే పనిలో చాలా భాగం మనం రెండో క్రియతో చేస్తాం. తిను, తినెయ్. వెళ్ళు, వెళ్ళిపో. పని పూర్తయిందని ఒకటి, ఇక్కడినుంచి కదిలిందని ఇంకొకటి. ఆ 'వేయు'కి విసరడంతో, ఆ 'పోవు'కి నడకతో ఇప్పుడేమీ సంబంధం లేదు, గివ్ అప్‌లో 'అప్'కి పైకి ఎక్కడంతో సంబంధం లేనట్టే.

అలాంటి భాషలోకి "టర్న్ ఆఫ్", "స్విచ్ ఆఫ్" వచ్చాయి. తెలుగు ఏం చేసింది? టర్న్‌ని గుమ్మం బయటే నిలబెట్టి ఆఫ్‌ని మాత్రం లోపలికి పిలిచింది. అసలు అర్థం మోసేది ఆఫే అని పసిగట్టి, దానికి తన సొంత క్రియ తగిలించింది: ఆఫ్ చెయ్. దానంతటదే ఆరిపోతే ఆఫ్ అయ్యింది. బౌలర్ ఔట్ చేశాడు, బ్యాట్స్‌మన్ ఔట్ అయ్యాడు. ఎవరు చేశారు, ఎవరికి జరిగింది అన్న తేడా ఇంగ్లీషు మాటలో లేకపోయినా చేయు, అవు తెచ్చిపెడతాయి. ఇప్పుడు "ఆఫ్ ది ఫ్యాన్" చూడండి. తెలుగులో పని మొత్తం ఆఫ్‌దే కాబట్టి, ఇంగ్లీషులోకి తిరిగి వెళ్ళేటప్పుడు 'చెయ్' రాలిపోయి, ఆఫే క్రియ అయి కూర్చుంది. నాకిందులో బద్ధకం కనిపించదు.

తెలుగు ఈ పని మొదటిసారి చెయ్యడమూ కాదు. మా ప్రాంతం పద్దెనిమిదో శతాబ్దంలో కడప నవాబులు, ఆర్కాటు నవాబులు, మైసూరు హైదర్ అలీ, టిప్పుల మధ్య నలిగిన నేల. హైదర్ 1782 డిసెంబరులో చనిపోయింది కూడా చిత్తూరు దగ్గరే. 1800లో నిజాం కడప వైపు జిల్లాలని కంపెనీకి వదిలేశాడు, 1801లో ఆర్కాటు రాజ్యమూ కంపెనీ చేతికి పోయింది. దొరలు మారారు గానీ కచేరీ మాటలు మారలేదు. ఫార్సీ మాటలు అప్పటికే పన్ను లెక్కల్లోంచి రైతు నోట్లోకి దిగిపోయాయి.

ఆ మాటల్ని విప్పి చూస్తే నాకు భలే ఆశ్చర్యం వేసింది. బర్‌ఖాస్తు: ఫార్సీలో 'బర్' అంటే పైకి, 'ఖాస్త్' అంటే లేచాడు. అచ్చంగా గెటప్! సభ పైకి లేచింది, అంటే ముగిసింది. దర్యాప్తు: 'దర్' అంటే లోపల, 'యాఫ్త్' అంటే దొరికింది, కనుక్కున్నాడు. ఇంగ్లీషువాడి ఫైండ్ ఔట్‌కి వరసకి అన్నలాంటిది, కాకపోతే వాడు బయటికి లాగితే వీడు లోపల వెతికాడు. దరఖాస్తులోనూ అదే 'దర్', కానీ ఆ 'ఖాస్తు' వేరు, అది కోరడం. లేవడం, కోరడం ఫార్సీ లిపిలో వేరు వేరుగా రాస్తారు. మన దగ్గర రెండూ ఒకే ఖాస్తు అయిపోయాయి. బర్తరఫ్ అంటే ఒక పక్కకి. వాపసు అంటే వెనక్కి. ఈ చివరి రెండింటిలో క్రియే లేదు. ఆఫ్ లాగే వట్టి దిక్కు చెప్పే మాటలు. వాటికీ తెలుగు అదే చేసింది: బర్తరఫ్ చేయు, వాపసు చేయు, బర్‌ఖాస్తు అవు. కుదిరిన పద్ధతి ఇంగ్లీషు రాకముందే కుదిరింది.

1820లో కడపలో ఉద్యోగానికి వచ్చిన సి.పి. బ్రౌన్ ఈ కచేరీ భాషని పట్టించుకున్నాడు. 1852లో జిల్లా డిక్షనరీ వేశాడు, 1854లో తెలుగులో వాడే మిశ్రమ భాషా పదాలకీ అన్యదేశ్యాలకీ ఒక విడి నిఘంటువే తెచ్చాడు. మేలు చేశాడు, సందేహం లేదు. కానీ 'విడి' అన్న మాట దగ్గరే నాకు చిన్న ఇబ్బంది. అసలు తెలుగు ఈ సంపుటంలో, కలగలుపు తెలుగు ఆ సంపుటంలో అన్న కంచె ఇప్పటికీ మన బుర్రల్లో ఉంది. చిత్రమేమిటంటే ఆ కంచె జరుగుతూ పోతుంది. "దరఖాస్తు చేసుకోండి" ఇవాళ పత్రికల్లో చక్కటి తెలుగు, "అప్లై చెయ్యండి" సంకరం.

పోనీ, ఇంగ్లీషు తన తోకల్ని క్రియలుగా వాడదా? ధర పెంచితే "అప్ ది ప్రైస్" అంటుంది, గ్లాసు ఖాళీ చేస్తే "డౌన్" అంటుంది. సింగపూర్ వీధి ఇంగ్లీషులో "ఆఫ్ ది లైట్" రోజువారీ మాట. లండన్‌వాడు అప్‌ని క్రియ చేస్తే చమత్కారం, కుప్పం పిల్లవాడు ఆఫ్‌ని చేస్తే ఎర్రగీత. పరీక్షలో గీత పడాల్సిందే అంటారా, సరే. నవ్వు మాత్రం ఎందుకో నాకు అర్థం కాదు.

నా వృత్తిలో రోజూ కొట్టే మాట ఇంకోటి. ఇంగ్లీషులో క్రియగా వాడితే 'లాగ్ ఇన్' రెండు మాటలు, నామవాచకమైతే 'లాగిన్' ఒకటే. బటన్ మీద ఏది రాయాలని ఇంగ్లీషు టీములు ఇంకా కొట్టుకుంటూనే ఉంటాయి. తెలుగు బటన్‌కి ఆ బెడద లేదు, క్రియ ఎలాగూ మనదే. మీసేవ లాంటి చోట "లాగిన్ అయి దరఖాస్తు అప్‌లోడ్ చెయ్యండి" అంటే పలమనేరులో అర్థం కానివాళ్ళు తక్కువ. ఆ ఒక్క వాక్యంలో లోపలికి అనే మాట రెండుసార్లు ఉంది, ఒకటి ఇంగ్లీషు 'ఇన్', ఒకటి ఫార్సీ 'దర్'. పైకి అనే మాట ఒకసారి ఉంది. తెలుగువి 'అయి', 'చెయ్యండి'. వాక్యాన్ని నిలబెట్టింది ఆ రెండే.