గౌతమి మొగలో దీపాలు

హైదరాబాద్‌లో రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కినవాళ్లు పొద్దున్నే కాకినాడలో దిగుతారు. ఆ రైలుకు పేరిచ్చిన గోదావరి పాయ సముద్రంలో కలిసేచోట ఓడల కష్టాలు ఇన్నీ అన్నీ కావు. ఏరు తెచ్చి పోసే ఇసుక ఈ ఏడు ఒకచోట మేట వేస్తే, పై ఏడు మరోచోట వేస్తుంది. పటాలు పాతబడతాయి.

1867 జూన్ 19న అమెరికా యుద్ధనౌక శాక్రమెంటో ఆ నీళ్లలోనే మెరకకు తగిలి ముక్కలైంది. సిబ్బంది అంతా ప్రాణాలతో గట్టెక్కారు. కెప్టెన్ నెపోలియన్ కాలిన్స్‌కు మాత్రం కోర్టు మార్షల్ తప్పలేదు. ఆయనకది కొత్తేం కాదు లెండి. అమెరికా అంతర్యుద్ధం నడుస్తున్న 1864లో బ్రెజిల్‌లోని బహియా రేవులో, తటస్థ దేశపు నీళ్లలో, శత్రునౌక ఫ్లోరిడాను పట్టుకుపోయినందుకు అప్పటికే ఒకసారి విచారణకు నిలబడ్డాడు. రెండుసార్లు తలంటించుకుని కూడా చివరికి రియర్ అడ్మిరల్ అయ్యాడు! ఓడ పోయినా పేరు పోలేదు. మెరక శాక్రమెంటో షోల్ అయింది, ఆ తీరంలో వెలిసిన లైట్‌హౌసుకూ అదే పేరు పెట్టారు. ఎక్కడి కాలిఫోర్నియా శాక్రమెంటో, ఎక్కడి గోదారి మడ అడవులు!

కాకినాడ దగ్గరి హోప్ ఐలాండ్ మీది పాత లైట్‌హౌసుది వేరే కథ. 1789, 1839 తుపాన్లు కోరంగి రేవును ఊడ్చేశాయి, మిగిలింది పూడిక మింగింది. వ్యాపారం కాకినాడకు మళ్లింది. ఏటి ఇసుకతోనే ఎదిగిన హోప్ ఐలాండ్ ఆ రేవుకు అలల నుంచి అడ్డుగా నిలిచింది. దాని మీద 19వ శతాబ్దంలో కట్టిన దీపం మాత్రం నిలవలేదు. ఇసుక దిబ్బ పొడవు పెరుగుతూ పోయింది, స్తంభం ఉన్నచోటే ఉండిపోయింది. ఆ పని ఇప్పుడు వాకలపూడి లైట్‌హౌసు చేస్తోంది.

ఇలాంటి వాటిని వారసత్వ లైట్‌హౌసులుగా ప్రకటించే వీలు 1927 లైట్‌హౌస్ చట్టం స్థానంలో 2021లో వచ్చిన కొత్త చట్టం కల్పించింది. పాత కట్టడమనగానే మనవాళ్లు ముందు రంగు పూస్తారు, ఆపైన ఫ్లడ్‌లైట్లు పెడతారు. హోప్ ఐలాండ్‌లో ఆ ముచ్చట కుదరదు. ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే ఇసుక అది. పిల్లలు గుడ్డు పగిలాక వెలుతురున్న వైపే నడుస్తాయి. దీపం తీరాన ఉంటే సముద్రం వైపు కాక అటే పోతాయి. అక్కడ మరమ్మతుకు సున్నం, ఇటుక, ముందుగా కొలతలూ ఫొటోలూ చాలు. వెలిగించాల్సిన పని లేదు.