కుంపటి నుండి ఫర్నేసు దాకా

అమరకోశంలో కుంపటికి అంగారధానిక, అంగారశకటి, హసంతి, హసని అని నాలుగు పేర్లున్నాయి. మొదటి రెండింటికీ వ్యుత్పత్తి తేలిక. ఒకటి నిప్పులుంచుకొనేది, రెండవది నిప్పుల బండి. మూడవదైన హసంతికి అర్థం ‘నవ్వుచున్నది’. కణకణలాడే నిప్పులో నవ్వును చూసి ఆ పేరు పెట్టినవాడు చలికి బాగా వణికినవాడై ఉంటాడని తరగతిలో పిల్లలకు చెబుతుండేవాణ్ణి. అలా చెప్పిన నాకు తెలిసిన చలి ధనుర్మాసపు తెల్లవారుజాముకు మించినది కాదు. దానికి భోగిమంటే పరమౌషధం.

2019 జనవరిలో మా అమ్మాయి పురిటికని నేనూ మా ఇంటావిడా అమెరికాలోని మిల్వాకీ నగరానికి వెళ్ళాము. ఆ నెలాఖరున అక్కడ ఉష్ణోగ్రత సున్నా ఫారెన్‌హీట్‌కు ఇరవై డిగ్రీల దిగువకు పోయింది. అయినా ఇంట్లో చొక్కాతో తిరిగేవాళ్ళం. నేలమీద అక్కడక్కడ ఇనుప జాలీలుండేవి. వాటిలోంచి గోరువెచ్చని గాలి వచ్చేది. నిప్పెక్కడమ్మా అని అడిగితే, “కింద బేస్‌మెంట్‌లో ఉంది నాన్నా” అని నవ్వింది మా అమ్మాయి. హసంతి నేలమాళిగలో ఉన్నదన్నమాట!

మనిషి లేని గదిలో దీపం వెలగరాదన్నది మా తరం పొదుపు సూత్రం. ఆ లెక్కన ఖాళీగా ఉన్న రెండు గదులలోనూ, భోజనాల గదిలోనూ జాలీల మూతలు బిగించాను. నడవ గోడకు ఇంకొక పెద్ద జాలీ ఉంది. దానిలోంచి గాలి రావడం లేదు కనుక అలంకారానికే పెట్టారనుకొని, మా ప్రయాణపు పెట్టెలు రెండూ దానికి ఆనించాను. గ్యాసు ఖర్చు తగ్గించానన్న తృప్తితో పడుకున్నాను.

రాత్రి రెండు గంటలకు మా ఇంటావిడ లేపింది. “ఏమండీ, చల్లటి గాలి వస్తోంది.” పంకా తిరుగుతూనే ఉంది, మంట మాత్రం అందుకోవడం లేదు. గోడమీది థర్మోస్టాట్‌లో 70 ఉండవలసిన చోట 58 ఉంది. పసిగుడ్డుకు అప్పటికి ఇరవై రోజులు కూడా నిండలేదు. ఉన్న దుప్పట్లన్నీ తల్లికీ బిడ్డకూ కప్పాము. అల్లుడు కిందికి పోయి, ఫర్నేసులో మిణుకుమనే చిన్న దీపం ఎన్నిసార్లు వెలిగి ఆరుతున్నదో లెక్కపెట్టి పైకి వచ్చాడు. ఏమీ అనకుండా పెట్టెలు తీశాడు, జాలీల మూతలన్నీ తెరిచాడు. మళ్ళీ కిందికి దిగి ఫిల్టరు మార్చి, స్విచ్చి ఆర్పి వేశాడు. కొంతసేపటికి వెచ్చని గాలి మొదలైంది. “మీ తప్పేమీ లేదు మావయ్యగారూ, ఫిల్టరు మార్చి ఆరు నెలలైంది” అన్నాడు. నా తప్పు నాకు తెలుస్తూనే ఉంది.

ఆపైన ఆ యంత్రం కథ తెలుసుకోకుండా ఉండలేకపోయాను. అక్కడి గ్రంథాలయంలో దొరికినవీ, ఇంటికొచ్చాక చదివినవీ కలిపి చెబుతున్నాను.

నిప్పును ఒకచోట ఉంచి వేడిని మరొకచోటికి పంపడం రోమనులకే తెలుసు. నేలను చిన్న స్తంభాల మీద ఎత్తి కట్టి, పొయ్యిలోని వేడిగాలిని దాని కిందుగా నడిపించేవారు. విట్రూవియస్ తన వాస్తుగ్రంథంలో దీనిని వర్ణించాడు. అమెరికాలో ఫ్రాంక్లిన్ 1744లో తన కొత్త పొయ్యిని గురించి ఒక చిన్న పుస్తకం వేశాడు. ఇల్లాలి సందేహాలకు జవాబులు చెప్పే గ్రంథం 1869లో వచ్చింది. కాథరిన్ బీచర్, ఆమె చెల్లెలు హారియెట్ బీచర్ స్టో కలిసి దానిని రాశారు. ‘అంకుల్ టామ్స్ క్యాబిన్’ రాసిన స్టోయే ఈమె. పొయ్యిలు, ఫర్నేసులు, పొగగొట్టాల పోషణకు అందులో ఒక అధ్యాయమే ఉంది. ఫర్నేసును గురించి గృహస్థుల ప్రశ్నలు నిన్నమొన్నటివి కావన్నమాట.

ఆనాటి ఫర్నేసుకు పంకా లేదు. నేలమాళిగ నడుమ బొగ్గు మండేది. వేడెక్కిన గాలి తేలికై, ఎనిమిది కాళ్ళ సముద్రజీవిలా నలుదిక్కులకూ చాచుకొన్న లావుపాటి గొట్టాల గుండా తనంతట తానే పైకి పోయేది. చల్లారిన గాలి బరువెక్కి కిందికి దిగేది. ఒక గొట్టానికి అడ్డుపలక వేస్తే వేడి మరో గదికి మళ్ళేది. నేను చేసిన పని ఆ ఇళ్ళలో సబబే. నా తర్కం నూరేళ్ళు ఆలస్యంగా అమలైంది, అంతే.

ఆ అడ్డుపలకలను వేయడం, తీయడం ఎవరి పని? ఇక్కడ నా వృత్తిబంధువు ఒకరు తారసపడ్డారు. మిల్వాకీకి నైరుతి దిక్కున సుమారు 50 మైళ్ళ దూరంలో వైట్‌వాటర్ అనే ఊరుంది. ఉపాధ్యాయులకు శిక్షణనిచ్చే అక్కడి పాఠశాలలో వారెన్ జాన్సన్ ఆచార్యుడు. బడి బంట్రోతు ఒక్కొక్క తరగతిలోకి వచ్చి, వేడి ఎంత ఉందో చూసి, నేలమాళిగకు పోయి పలకలు సవరించేవాడు. పాఠం మధ్యలో తలుపు తెరుచుకొంటే పిల్లల చూపులెటు పోతాయో బడిపంతులుకు చెప్పనక్కరలేదు. గదిలో వేడి మారగానే కింద గంట మోగే విద్యుత్ సాధనాన్ని జాన్సన్ తయారుచేసి, 1883లో పేటెంటు పొందాడు. రెండేళ్ళకు మిల్వాకీలో కంపెనీ పెట్టాడు. ఇక పంతులుగారి పాఠానికీ, బంట్రోతు కాళ్ళకూ విశ్రాంతి దొరికి ఉంటుంది. గోడమీది థర్మోస్టాట్ పూర్వీకులలో ఒకటి తరగతి గదిలోనే పుట్టిందని తెలిసి నాకు కలిగిన గర్వం ఇంతా అంతా కాదు.

1895లో అయోవా రాష్ట్రపు మార్షల్‌టౌన్‌లో డేవ్ లెనాక్స్ ఉక్కురేకులను రివెట్లతో బిగించిన ఫర్నేసును అమ్మకానికి తెచ్చాడు. 1919 డిసెంబరు 23న న్యూజెర్సీలోని మారిస్‌టౌన్‌కు చెందిన ఆలిస్ పార్కర్ అనే నల్లజాతి మహిళ గ్యాసుతో నడిచే ఫర్నేసుకు పేటెంటు పొందింది. అందులో పలు మంటలు, వేర్వేరు గదులకు వేర్వేరు గొట్టాలు ఉన్నాయి. కానీ 1940 జనాభా లెక్కల నాటికి కూడా ఆ దేశంలో సగానికి పైగా ఇళ్ళలో బొగ్గే మండుతోంది. యుద్ధకాలంలో టెక్సస్ నుండి తూర్పుతీరానికి చమురు కోసం వేసిన రెండు పెద్ద గొట్టపు మార్గాలను 1947లో సహజవాయువుకు మళ్ళించారు. తరువాత బొగ్గు, బూడిద మోసే పని క్రమంగా ఇళ్ళనుండి తప్పుకొంది.

అసలు మార్పు 1930ల నుండి ఇళ్ళలోకి వచ్చిన విద్యుత్ పంకాది. అది గాలిని బలంగా తోస్తుంది కనుక గొట్టాలు సన్నబడ్డాయి. ఫిల్టరు పెట్టడానికీ వీలైంది, తనంతట తాను లేచే గాలికి ఫిల్టరును దాటే సత్తువ చాలదు. అయితే పంకా ఎంత గాలి పంపుతుందో అంతా తిరిగి రావాలి. నడవలోని పెద్ద జాలీ ఆ రాకకే. అది ఇంటి ఉచ్ఛ్వాసం, నేలజాలీలు నిశ్వాసం. నేను ఉచ్ఛ్వాసాన్ని పెట్టెలతో మూశాను, నిశ్వాసాన్ని సగం బిగించాను, ఉన్న కాస్త గాలినీ మురికి ఫిల్టరు ఆపింది. మంట వేడిని మోసుకుపోయే గాలి లేక లోపలి లోహం విపరీతంగా కాగింది. లిమిట్ స్విచ్చి మంటను ఆర్పింది. అలా పలుమార్లు జరిగాక యంత్రం మొండికేసింది. అది చెడిపోలేదు, తన్ను తాను కాపాడుకొంది.

మా ఇంటావిడ ప్రశ్న వేరు. పెదవులెందుకు పగులుతున్నాయి, ఈ యంత్రం గాలిలోని నీటిని తాగుతోందా? తాగదు. సున్నాకు పది సెంటీగ్రేడు డిగ్రీల దిగువనున్న గాలి నిండా తేమతో ఉన్నా, దానిని ఇరవై డిగ్రీలకు వేడిచేస్తే అది మోయగల తేమలో ఎనిమిదో వంతే ఉంటుంది. దాహం గాలిది, యంత్రానిది కాదు. ఆవిడ జాలీల పక్కన స్టీలు గిన్నెలతో నీళ్ళు పెట్టింది. కొంచెం ఉపశమనం.

కార్బన్ మోనాక్సైడ్ ప్రశ్న అంత తేలికగా తీసివేయరానిది. మన పురిటిగదుల్లో కుంపటి పెట్టి, చలిగాలి తగలకూడదని తలుపులు బిగించేవారు. ఆ నవ్వే కుంపటి వాసన లేని విషవాయువును వదులుతుంది. ఫర్నేసులో మంట తగిలే గాలి వేరు, మనం పీల్చే గాలి వేరు. రెండింటి మధ్యా ఒక లోహపు గోడ. ఆ గోడ పగిలితే కుంపటి మళ్ళీ పడకగదిలోకి వచ్చినట్టే. అందుకే ప్రతి అంతస్తులోనూ ఆ వాయువును పసిగట్టే గంట పెడతారు. మనవరాలి ఉయ్యాల ఉన్న అంతస్తులోని గంటను నేను రోజూ నొక్కి పరీక్షించేవాణ్ణి. మొదటి రోజు దాని కూతకు పిల్ల కెవ్వున లేచింది, ఇల్లంతా నన్ను కోప్పడింది.

మార్చిలో ఫిల్టరు మార్చే పని నాకే అప్పగించారు. కొత్తదాని అట్టచట్రం మీద పెట్టిన తేదీ రాయాలట. ‘విలంబి సంవత్సర ఫాల్గుణ శుద్ధ పంచమి’ అని రాశాను. విలంబి అంటే ఆలస్యం చేసేవాడని అల్లుడికి అర్థం కూడా చెప్పాను. మూడు నెలలు ఎప్పటికి నిండుతాయో తెలియక పాపం అతడు పంచాంగం కోసం వెతికాడని ఆ తరువాత అమ్మాయి ఫోనులో చెప్పింది.