హబ్సిగూడ నుంచి తొండుపల్లి కంచం దాకా

సూక్ష్మదర్శిని కింద ఒక జీబ్రా చేపపిల్ల. గోరు మీద పెడితే కనబడీ కనబడనట్టుంటుంది, అంత చిన్నది. ఒళ్లంతా గాజులా ఉంది. లోపల ఎర్రటి చుక్క ఒకటి టకటకా కొట్టుకుంటోంది. మా ఏడో తరగతి పిల్ల కన్ను ఆనించి చూస్తూనే ఉంది. వెనక వరసలో పిల్లలు తొందరపెడుతున్నా కదల్లేదు. ఆఖరికి తలెత్తి అడిగింది: “టీచర్, దాని గుండెకు కొట్టుకొమ్మని ఎవరు చెప్పిండ్రు?”

ఏటా సెప్టెంబరు చివర్లో, శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి (సీఎస్ఐఆర్) స్థాపక దినం సందర్భంగా, హబ్సిగూడలోని సెంటర్ ఫర్ సెల్యులార్ అండ్ మాలిక్యులర్ బయాలజీ (సీసీఎంబీ) తన తలుపులు బడిపిల్లలకు తెరుస్తుంది. అలా తీసుకెళ్లిన రోజు అది. శంషాబాద్ పక్కనున్న మా తొండుపల్లి నుంచి హబ్సిగూడకు పోవాలంటే నగరాన్ని ఈ కొస నుంచి ఆ కొసకు దాటాలి. ఆరాంఘర్, చాంద్రాయణగుట్ట, ఎల్బీనగర్, ఉప్పల్ అన్నీ దాటేసరికి సగం మంది పిల్లలు కిటికీలకు తలలానించి నిద్రపోయారు. అయినా ఆ ప్రశ్న ఒక్కటి విన్నాక ప్రయాణం దండగ కాలేదనిపించింది. ఆ పిల్ల అడిగినదానికి జవాబు వెతకడానికే ఆ సంస్థ పుట్టింది మరి. ఒక్క కణం వందల రకాల కణాలుగా ఎలా విడిపోతుంది, ఏ జన్యువు ఎప్పుడు మేల్కొంటుంది, ఎప్పుడు పడుకుంటుంది, వేల జన్యువులు ఒకదాని మాట ఒకటి విని ఒక గుండెను ఎలా కడతాయి అన్నవే అక్కడి రోజువారీ పనులు.

ఒక విభాగంగా మొదలై

1977 ఏప్రిల్ 1న సీసీఎంబీ మొదలైంది. ఆ లెక్కన 2027కు యాభై ఏళ్లు నిండుతాయి. మొదట్లో సొంత గూడు లేదు. తార్నాకలోని రీజినల్ రీసెర్చ్ లేబొరేటరీ, అంటే ఇప్పటి ఐఐసీటీ, అందులోని బయోకెమిస్ట్రీ విభాగమే దానికి విత్తనం. ఆ ల్యాబు కూడా నిన్నమొన్నటిది కాదు, నిజాం కాలంలో 1944లో పెట్టిన పరిశోధనాలయపు వారసత్వం దానిది. అంటే మన నగరంలో సైన్సు పొలం ముందే దున్ని ఉంది.

విత్తనం వేసినవారు పుష్ప మిత్ర భార్గవ. అజ్మీర్‌లో పుట్టి హైదరాబాద్‌ను సొంతూరు చేసుకున్న మనిషి. 1953లో డీఎన్ఏ నిర్మాణం తెలిశాక, డెబ్బైల మొదట్లో డీఎన్ఏను కోసి అతికించే పద్ధతులు చేతికొచ్చాక, జీవశాస్త్రం చెట్ల, పుట్టల పేర్లు రాసుకునే చదువుగా మిగల్లేదు. రసాయనం, భౌతికం, గణితం ఒకే కప్పు కింద కూర్చుంటే తప్ప కణం గుట్టు తేలదని అర్థమైంది. అలాంటి కప్పు మన దేశంలో ఒకటి వేయాలని 1976లో సీఎస్ఐఆర్ నిర్ణయించింది. 1981-82లో సీసీఎంబీకి పూర్తిస్థాయి జాతీయ పరిశోధనాలయం హోదా దక్కింది. ఇప్పుడున్న ఆవరణను 1987 నవంబరు 26న ప్రధాని రాజీవ్ గాంధీ జాతికి అంకితం చేశారు. భార్గవ తర్వాత డి. బాలసుబ్రమణియన్, లాల్జీ సింగ్, సీహెచ్. మోహనరావు, రాకేశ్ మిశ్రా, వినయ్ నందికూరి ఒకరి తర్వాత ఒకరు ఆ కుర్చీలో కూర్చున్నారు.

పట్టీల పాము చెప్పిన సాక్ష్యం

లాల్జీ సింగ్ పనిని పిల్లలకు చెప్పేటప్పుడు నేను పాము కథతో మొదలుపెడతాను. పసుపు, నలుపు పట్టీలుండే కట్లపాములో ఆడా మగా తేడా ఏ డీఎన్ఏ ముక్కతో తెలుస్తుందని ఆయన వెతికారు. ఆ వెతుకులాటలో జి-ఎ-టి-ఎ అనే నాలుగక్షరాల మాట మళ్లీ మళ్లీ వచ్చే డీఎన్ఏ దొరికింది. ఆ మాట మనుషుల్లోనూ ఉంది. అయితే ఒకరిలో ఒకచోట ఇన్నిసార్లు వస్తే, ఇంకొకరిలో అక్కడే వేరే లెక్కలో వస్తుంది. ఆ తేడాను గీతల వరసగా ఫిల్మ్ మీదికి తెస్తే మనిషికో ముద్ర తయారవుతుంది. బిడ్డ వరసలోని ప్రతి గీత తల్లి దగ్గరో తండ్రి దగ్గరో కనబడి తీరాలి.

ఎడిన్‌బరోలో ఏళ్ల తరబడి పనిచేసి 1987లో ఆయన హైదరాబాద్ వచ్చారు. అప్పటికి డీఎన్ఏ ముద్రల పద్ధతి ఇంగ్లండులో మొదలై రెండు మూడేళ్లే. పాములో దొరికిన ముక్కతోనే సీసీఎంబీలో మన సొంత పద్ధతి తయారైంది. 1989లో కేరళలోని తలశ్శేరి కోర్టు ముందుకు ఒక బిడ్డకు తండ్రెవరన్న కేసు వచ్చింది. హబ్సిగూడలో తీసిన గీతలు అక్కడ సాక్ష్యంగా నిలిచాయి. అమ్మ మాటకు విలువ లేదన్న చోట అమ్మ తరఫున డీఎన్ఏ మాట్లాడింది. ఈ పని పెరిగి పెద్దదై తొంభైల్లో సీడీఎఫ్‌డీ అనే వేరు సంస్థ అయింది. అది కూడా మన హైదరాబాద్‌లోనే ఉంది.

కంచంలో ఉన్న పరిశోధన

మా ఇంట్లో, మా వాడలో అన్నమంటే సాంబ మసూరే. బాపట్లలో తయారై 1986లో విడుదలైన బీపీటీ 5204 అది. సన్నగింజ, మెత్తని అన్నం, మంచి ధర. ఒక్కటే దాని బలహీనత. వానలు ముసురుపట్టి గాలి వీస్తే బాక్టీరియా ఆకు ఎండు తెగులు పట్టుకుంటుంది. ఆకు కొసన మొదలైన ఎండు అంచుల వెంట కిందికి దిగి, నాలుగు రోజుల్లో పచ్చని మడి గడ్డివామి రంగులోకి మారుతుంది. మందు కొట్టి దీన్ని ఆపడం రైతు చేతిలో ఉండదు. చిన్నప్పుడు మా నాయన అలాంటి మడి గట్టు మీద మాట్లాడకుండా కూర్చోవడం చూశాను. అప్పు తీర్చే పంట అది.

ఈ తెగులు మీద సీసీఎంబీలో రమేశ్ సొంటి బృందం, రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ కలిసి పనిచేశాయి. తెగులును తట్టుకునే మూడు జన్యువులు వేరే వరి రకంలో ఉన్నాయి. వాటి పేర్లు ఎక్స్ఏ5, ఎక్స్ఏ13, ఎక్స్ఏ21. రెండు రకాలను మామూలుగా సంకరం చేశారు. పుట్టిన మొక్కలను మళ్లీ మళ్లీ సాంబ మసూరితోనే కలిపారు. ప్రతి తరంలో నారు ఆకు చిన్న ముక్క తుంచి, డీఎన్ఏ తీసి, మూడు జన్యువులూ ఉన్న మొక్కలనే ఉంచుకుని మిగతావి పక్కన పెట్టారు. తెగులొచ్చేదాకా ఆగి చూడనక్కర్లేదు, మొక్క లేతగా ఉన్నప్పుడే తెలిసిపోతుంది. బయటి జీవి జన్యువేదీ ఇందులో పెట్టలేదు. గింజ అదే, రుచి అదే, తెగులును ఎదిరించే బలం కొత్తగా వచ్చింది. 2008లో ఇంప్రూవ్డ్ సాంబ మసూరిగా విడుదలైంది. ఆ తర్వాత పరీక్షల్లో దాని గ్లైసీమిక్ ఇండెక్స్ 51 దగ్గరే ఉందని తేలింది. ఇంటింటా చక్కెర జబ్బున్న ఈ కాలంలో చిన్న ఊరట కాదది.

ఒక ఆకు ముక్క రాజేంద్రనగర్ మడి నుంచి హబ్సిగూడ ల్యాబుకు వెళ్లి, జవాబుగా మళ్లీ మడికి వచ్చింది. ఈ సంస్థ గొప్పతనమేమిటని ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఇదే. మన నేల అడిగిన ప్రశ్నను మన నేల మీదే పట్టుకుని, ఏళ్లకేళ్లు వదలకుండా కూర్చుంది.

మన నెత్తుట్లో ఉన్న చరిత్ర

అదే పట్టుదల మనుషుల మీది పరిశోధనలోనూ కనిపిస్తుంది. కె. తంగరాజ్, లాల్జీ సింగ్, అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ రైక్ తదితరులు 25 సమూహాలకు చెందిన 132 మంది డీఎన్ఏలో 5 లక్షల 60 వేలకు పైగా గుర్తులను పోల్చి 2009లో ఫలితాలు వెలువరించారు. ఈనాటి మన జనంలో చాలామంది రెండు ప్రాచీన వంశధారలు వేర్వేరు పాళ్లలో కలిసినవారని తేలింది. ఆ తర్వాత మనం కులం గోడల మధ్యే పెళ్లిళ్లు చేసుకుంటూ వచ్చాం. చిన్న గుంపు లోపలే తరాలు తిరిగితే, ఎప్పుడో ఒక పూర్వీకునికి వచ్చిన జన్యులోపం ఇంటింటికీ చేరుతుంది.

2017లో 260కి పైగా సమూహాలను పరిశీలించినప్పుడు ఇది మరింత స్పష్టమైంది. ఉదాహరణకు వైశ్యుల్లో కొందరికి, ఆపరేషన్ ముందు కండరాలు సడలడానికిచ్చే ఒక మందు ఒంట్లో త్వరగా విరగదు, ఊపిరి తీసుకోవడం కష్టమవుతుంది. సంగతి ముందే తెలిస్తే డాక్టరు వేరే మందు వాడతారు. 2009లోనే ఇంకొక పరిశోధన గుండె కండరానికి చెందిన ఒక జన్యువులో 25 అక్షరాలు రాలిపోయిన లోపాన్ని పట్టుకుంది. దక్షిణాసియాలో నూటికి సుమారు నలుగురు దాన్ని మోస్తున్నారు, వయసు మీరాక వాళ్ల గుండె నీరసించే ముప్పు ఎక్కువ. మన జబ్బును మనమే చదువుకోవాలి. కులం లోపలి పెళ్లిళ్ల గురించి పిల్లలకు చెప్పేటప్పుడు నేను ఎవరినీ తప్పుపట్టను, ఈ లెక్కలే బోర్డు మీద రాస్తాను.

మా దారిలోనే ఒక చిన్న అడవి

మా వైపు నుంచి నగరంలోకి పోతూ పీవీఎన్నార్ ఎక్స్‌ప్రెస్‌వే స్తంభాల నంబర్లతో చిరునామాలు చెప్పుకునే అత్తాపూర్‌లో సీసీఎంబీ రెండో ఆవరణ ఉంది. పేరు లాకోన్స్. అంతరించిపోతున్న జంతువుల కోసం పెట్టిన ఈ ల్యాబును 2007 ఫిబ్రవరి 1న రాష్ట్రపతి అబ్దుల్ కలామ్ ప్రారంభించారు. అంతకు ముందు ఏడాదే కృత్రిమ గర్భధారణతో ఒక చుక్కల జింక పిల్ల పుట్టింది, దానికి స్పాటీ అని పేరుపెట్టారు. కుందేలంతే ఉండే మూషిక జింకలను నెహ్రూ జూతో కలిసి 2010 నుంచి పెంచి, 2017లో నల్లమలలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో వదిలారు. జూలో పుట్టిన ప్రాణం అడవిలోకి నడిచి వెళ్లడమంటే మాటలు కాదు. ఆడది ఎప్పుడు ఎదకొస్తుందో దాని పెంటలోని హార్మోన్లను చూసి చెప్పేంత ఓపిక కావాలి.

విమానాశ్రయం గేటు దగ్గర

2008లో శంషాబాద్ విమానాశ్రయం మొదలయ్యాక మా ఊరి ఆకాశం మారిపోయింది. పన్నెండేళ్లకు అదే దారిలో కరోనా దిగింది. 2020 వసంతంలో సీసీఎంబీ శాస్త్రవేత్తలు తమ సొంత పరిశోధనలు పక్కనపెట్టి గొంతు నమూనాల పరీక్షలకు కూర్చున్నారు. ఐఐసీటీతో కలిసి నగరం మురుగునీటిలో వైరస్ ఆనవాళ్లు వెతికి, ఎంతమందికి సోకి ఉంటుందో అంచనా కట్టారు. ఆ ఏడాది డిసెంబరులో వైరస్ రూపాలు కనిపెట్టే ఇన్సాకాగ్ కూటమి ఏర్పడింది. అందులోని పది ల్యాబుల్లో రెండు మన నగరంవే, సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ. శంషాబాద్‌లో దిగిన ప్రయాణికుల నుంచి తీసిన నమూనాలు అక్షరం అక్షరంగా చదవడానికి ఇలాంటి ల్యాబులకే వెళ్లాయి. విమానాశ్రయంలో పనిచేసే మా ఊరి పిల్లలు మాస్కు వెనక బిక్కుబిక్కుమంటూ డ్యూటీకి పోయిన రోజులవి. ఆ నమూనా గొట్టం ఎక్కడికి పోతుందో తెలిసినవాళ్లకు కొంత ధైర్యముండేది.

ఈ దారి మాది కూడా

ఆ రోజు చేపను చూపించిన పరిశోధక విద్యార్థి మా పిల్ల ప్రశ్నకు తెలుగులోనే జవాబు చెప్పాడు. గుండె కణాలు తమంతట తామే కొట్టుకుంటాయనీ, ఆ నేర్పు జన్యువుల నుంచి వస్తుందనీ, అయితే ఆ జన్యువులకు సమయం చెప్పేదెవరో ఇంకా పూర్తిగా తేలలేదనీ చెప్పాడు. తేలలేదన్న మాటకే ఆ పిల్ల కళ్లు ఎక్కువ మెరిశాయి. బస్సులో నిద్రపోలేదు. రాజేంద్రనగర్ దగ్గర వరి మడులు కనబడగానే, “మా నాయన వేసిన వరిలో కూడా ఇట్లనే జన్యువులు ఉంటయా?” అని అడిగింది.

స్వర్ణోత్సవ వేళ ఈ సంస్థను నేను కోరేది ఒక్కటే. ఆ తలుపులు ఏడాదికి ఒక్కరోజు కాక ఇంకా ఎక్కువ రోజులు తెరవండి. మీరు కనుక్కున్నది మా పిల్లలకు మా మాటలో చెప్పండి. లోకం నలుమూలల నుంచి శాస్త్రవేత్తలు మా ఊరి పక్కనే విమానం దిగి, మా ఊరి మీదుగానే మీ దగ్గరికి వస్తారు. అదే రోడ్డు మీద మా తొండుపల్లి పిల్లలు కూడా టిఫిన్ డబ్బా పట్టుకుని, ఐడీ కార్డు మెడలో వేసుకుని, రోజూ మీ ల్యాబుకు డ్యూటీకి రావాలి.