అంతర్దేశీయ నౌకల తనిఖీ అధికారులు (భారతదేశం)

భారతదేశంలోని నదులు, కాలువలు, సరస్సులలో తిరిగే పడవలను, లాంచీలను పరీక్షించి, నమోదు చేసి, చట్టాన్ని అమలుపరచేందుకు రాష్ట్ర ప్రభుత్వాలు నియమించే అధికారులను అంతర్దేశీయ నౌకల తనిఖీ అధికారులు అనవచ్చు. వీరిలో సర్వేయర్లు, రిజిస్ట్రార్లు ముఖ్యులు. వీరి అధికారాలకు ప్రస్తుత ఆధారం అంతర్దేశీయ నౌకల చట్టం, 2021.

చరిత్ర

బ్రిటిషు పాలనలో 1917లో చేసిన చట్టం మొదట ఆవిరి నౌకలకు ఉద్దేశించినది. సర్వేయరును ఆ చట్టం ప్రభుత్వ సేవకునిగా పరిగణించింది. ఒక రాష్ట్రంలో పొందిన పత్రం మరొక రాష్ట్రంలో చెల్లాలంటే అక్కడి ఆమోదం కూడా అవసరమయ్యేది. దాని స్థానంలో వచ్చిన చట్టాన్ని పార్లమెంటు 2021 ఆగస్టులో ఆమోదించింది. దీని ప్రకారం నమోదు పత్రం దేశమంతటా చెల్లుతుంది.

నియామకం, విధులు

సర్వేయర్లకు ఉండవలసిన కనీస అర్హతలను కేంద్ర ప్రభుత్వం నిర్దేశిస్తుంది, నియామకం మాత్రం రాష్ట్ర ప్రభుత్వం చేస్తుంది. సర్వేయరు తగిన సమయంలో నౌకపైకి వెళ్ళి దాని నిర్మాణాన్ని, ఇంజనును, ప్రాణరక్షణ సామగ్రిని పరీక్షించవచ్చు. అయితే సరుకు ఎక్కించడాన్ని, దించడాన్ని అకారణంగా అడ్డుకోరాదు, ప్రయాణాన్ని ఆలస్యం చేయరాదు. రిజిస్ట్రారు నౌకలను నమోదు చేస్తాడు. సరంగులకు, ఇంజను డ్రైవర్లకు యోగ్యతా పత్రాలు ఇచ్చేందుకు పరీక్షాధికారులు వేరుగా ఉంటారు. యంత్రం లేని నాటు పడవల నమోదు బాధ్యతను జిల్లా, తాలూకా, గ్రామ పంచాయతీ స్థాయిలలోని స్థానిక సంస్థల సిబ్బందికి అప్పగించాలని చట్టం సూచిస్తున్నది.

ప్రమాదాలు, జవాబుదారీతనం

2009 సెప్టెంబరు 30న కేరళలోని తేక్కడి సరస్సులో జలకన్యక అనే విహార నౌక ఒరిగిపోయి 45 మంది మరణించారు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు వద్ద రాయల్ వశిష్ఠ లాంచీ మునిగిన తరువాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తహసీల్దారుల పర్యవేక్షణలో బోటు కంట్రోలు రూములు ఏర్పాటు చేయాలని నిర్ణయించి, అదే సంవత్సరం నవంబరులో వాటికి శంకుస్థాపన చేసింది.

2023 మే 7న కేరళలోని తానూరులో 22 మంది మరణించిన ప్రమాదంలో, చేపల పడవను విహార నౌకగా మార్చి నడిపినట్లు తేలింది. దానికి అనుమతులు లభించడంలో పాత్ర ఉందన్న ఆరోపణపై అధికారులను కూడా పోలీసులు అరెస్టు చేశారు. 2024 జనవరి 18న గుజరాత్‌లోని వడోదరలో హరణి సరస్సులో విహారానికి వెళ్ళిన 12 మంది విద్యార్థులు, ఇద్దరు ఉపాధ్యాయులు మరణించారు. ఆ సరస్సు నిర్వహణ నగరపాలక సంస్థతో ఒప్పందం చేసుకున్న గుత్తేదారు చేతిలో ఉండేది.

సర్వే పత్రం పరీక్ష జరిగిన నాటి స్థితిని మాత్రమే తెలుపుతుంది. ప్రతి ప్రయాణంలో ఎందరు ఎక్కారో, లైఫ్ జాకెట్లు ధరించారో లేదో రేవు వద్ద చూసేవారు లేనిదే ఆ పత్రం ప్రాణాలను కాపాడలేదు. అందువలన సర్వేయరు నియామకంతో పాటు రేవు వద్ద నిత్య పర్యవేక్షణ కూడా అవసరం.