గుడ్ టు గ్రేట్... ఆ తర్వాత?

సలహాల పుస్తకం ఎప్పుడు చదవాలి అని ఎవరైనా అడిగితే, అచ్చయిన పదేళ్ళకి అంటాను. వెటకారం కాదండీ. పదేళ్ళలో ఆ పుస్తకం మెచ్చుకున్నవాళ్ళు ఏమయ్యారో తెలిసిపోతుంది. (పైగా ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద చవగ్గా దొరుకుతుంది కూడా.)

1982లో మెకిన్సీ కంపెనీకి చెందిన టామ్ పీటర్స్, రాబర్ట్ వాటర్‌మన్ 'ఇన్ సెర్చ్ ఆఫ్ ఎక్సలెన్స్' రాశారు. అందులో 43 ఆదర్శ కంపెనీలు. రెండేళ్ళు తిరక్కుండానే, 1984లో, వాటిలో కొన్ని తడబడుతున్నాయని బిజినెస్ వీక్ పత్రిక ముఖచిత్ర కథనం వేసింది. వాంగ్ లేబరేటరీస్ 1992లో దివాళా తీసింది. డిజిటల్ ఎక్విప్‌మెంట్‌ని 1998లో కాంపాక్ కొనేసింది. ఇవేమీ ఆ పుస్తకం అమ్మకాలని ఆపలేదు.

సరే, అది పాత కథ. మన ఐటీ మేనేజర్లకి బాగా ఇష్టమైన 'గుడ్ టు గ్రేట్' సంగతి చూద్దాం. 2001లో జిమ్ కాలిన్స్ రాసింది. ఆషామాషీగా రాసింది కాదు, అయిదేళ్ళ పరిశోధన. 1,435 కంపెనీలు జల్లెడ పట్టి 11 తేల్చారు. మొదట మామూలుగా ఉండి, తర్వాత పదిహేనేళ్ళ పాటు మార్కెట్‌కి కనీసం మూడు రెట్లు లాభం ఇచ్చినవన్నమాట. పోల్చి చూడటానికి, అలా ఎదగని కంపెనీల్ని కూడా తీసుకున్నారు. ఇంజినీరింగ్ చదివినవాడికి ఈ పద్ధతి చూస్తే నమ్మకం కలగడం సహజం.

ఆ 11లో అన్నిటికన్నా ఎక్కువ లాభం ఇచ్చింది సర్క్యూట్ సిటీ, ఎలక్ట్రానిక్స్ దుకాణాల గొలుసు. మార్కెట్‌కి 18 రెట్లకి పైనే! ఆ పుస్తకంలో ముఖ్య సూత్రం ఏంటంటే, ముందు సరైన మనుషుల్ని బస్సెక్కించు, ఎక్కడికెళ్ళాలో తర్వాత చూసుకోవచ్చు అని. అదే సర్క్యూట్ సిటీ 2007లో, జీతం ఎక్కువవుతోందని, దాదాపు 3,400 మంది అనుభవమున్న సేల్స్ ఉద్యోగుల్ని బస్సు దింపేసింది. 2008 నవంబరులో దివాళా పిటిషన్ వేసింది. 2009 మార్చికల్లా దుకాణాలన్నీ మూతబడ్డాయి. ఇంకో గొప్ప కంపెనీ ఫానీ మే. 2008 సెప్టెంబరులో అమెరికా ప్రభుత్వం దాన్ని తన అదుపులోకి తీసుకోవాల్సొచ్చింది.

కాలిన్స్ సమాధానం ఉంది. నేను చెప్పింది ఆ సంవత్సరాల గురించి, తర్వాత పడిపోయినంత మాత్రాన సూత్రాలు తప్పవవు అని. నాకిది మింగుడు పడదు. పైకొస్తే సూత్రం పాటించారు, పడితే వదిలేశారు అంటే, అది తప్పని తేలే దారేదీ? ఫలిస్తే నా మంత్రం, ఫలించకపోతే నీ నిష్ఠ లోపం అనే బాపతు ఇది.

అసలు తేడా ఎక్కడొచ్చిందో 2007లో ఫిల్ రోజెన్‌జ్వైగ్ 'ది హేలో ఎఫెక్ట్'లో విడమరిచి చెప్పాడు. కంపెనీ గెలిచిందని తెలిశాక తీసుకున్న ఇంటర్వ్యూల్లో, పత్రికా కథనాల్లో అన్నీ సుగుణాలే కనిపిస్తాయి. 2000లో సిస్కో కస్టమర్ల మాట వింటుందని పొగిడారు. షేరు కూలాక, 2001లో, అదే సిస్కో కస్టమర్లని పట్టించుకోదన్నారు. ఏడాదిలో కంపెనీ స్వభావం అంతలా మారిపోయిందా? అలాంటి కథనాల్ని గోతాల కొద్దీ పోగేస్తే గోతాలు నిండుతాయి, అంతే.

మరి సలహాల పుస్తకాలన్నీ దండగేనా అంటే, కాదు. ఫ్రెడ్ బ్రూక్స్ 'ది మిథికల్ మ్యాన్ మంత్' 1975 నాటిది. ఐబీఎంలో తను నడిపిన ఓఎస్/360 ఎందుకు ఆలస్యమయిందో చెప్పిన పుస్తకం. లేటయిన ప్రాజెక్టులో ఇంకొంతమందిని తోస్తే ఇంకా లేటవుతుందన్నది ఇందులోదే. (మా క్లయింట్లెవరూ ఇప్పటికీ నమ్మరు, అది వేరే విషయం.) ఇందులో గెలిచినవాళ్ళ భజన లేదు. పైగా 1995లో మళ్ళీ వేసినప్పుడు, తన వాదనలన్నీ విడివిడిగా రాసి, ఒప్పో తప్పో చూసుకోండని పాఠకుల ముందు పెట్టాడు. ప్రతి ప్రోగ్రామరూ ప్రాజెక్టు మొత్తం వివరాలు చూడాలని మొదట వాదించినవాడే, మాడ్యూలు లోపలి సంగతులు బయటికి కనపడకుండా దాచాలన్న డేవిడ్ పార్నస్‌దే ఒప్పు, నాది తప్పు అని ఆ ఎడిషన్లోనే రాశాడు.