ఆఫ్రికా చామంతులు మూడు

తెలుగులో డెయిజీ అనే పువ్వుకు విడిగా ఒక పేరు లేదు. నడుమ గుండ్రని దిద్దు, చుట్టూ రేకలు ఉన్న పువ్వు ఏది కనిపించినా మనవాళ్లు చామంతి అన్నారు. పొలం గట్టున పడి ఉంటే గడ్డిచామంతి అన్నారు. అంతటితో పని జరిగిపోయింది. పెరటిలో ఆఫ్రికన్ డెయిజీ పెంచుదామని బయలుదేరినవారికి మాత్రం పేరు దగ్గరే మొదటి చిక్కు వస్తుంది. ఆ చిక్కు విప్పుకుంటూ పోతే గుంటూరు, ప్రకాశం జిల్లాల రేగడి భూములతో సంబంధమున్న ఆఫ్రికా చామంతులు మూడు తేలాయి. ఒకటి కుండీలో ఉంది. ఒకటి మిరపచేని గట్టున ఉంది. మూడవది మన చేలలో పూసిన పువ్వు కాదు. అయినా ఈ రెండు జిల్లాల చరిత్రలో లోతుగా దిగినది అదే.

మొదటిది జెర్బరా. పెళ్లి పందిళ్లలో, స్వాగతం పలికే పూలగుత్తులలో ఎరుపు, నారింజ, పసుపు రంగుల్లో పొడవాటి కాడ మీద నిలబడే పువ్వు ఇదే. నిజంగా ఆఫ్రికా పువ్వు. పద్దెనిమిదవ శతాబ్దిలో రష్యాలో పనిచేసిన జర్మన్ వైద్యుడు, వృక్షశాస్త్రజ్ఞుడు ట్రౌగాట్ గెర్బర్ పేరు మీద దీని ప్రజాతికి ఆ పేరు వచ్చింది. ఇప్పుడు మనం పెంచే రకాలకు మూలమైన జాతి దక్షిణాఫ్రికాలోని బార్బర్టన్ పరిసరాలది. 1880లలో అక్కడ బంగారు గనుల కోసం జనం ఎగబడ్డారు. ఆ రోజుల్లో అక్కడికి వెళ్లిన రాబర్ట్ జేమ్సన్ అనే ఆయన ఈ మొక్కలను సేకరించాడు. 1889లో కర్టిస్ బొటానికల్ మ్యాగజైన్‌లో జోసెఫ్ హుకర్ దీనిని వర్ణించినప్పుడు జాతి పేరుగా జేమ్సనై నిలిచింది. ఆ తరువాత కేంబ్రిడ్జి ఉద్యానవనంలో ఇర్విన్ లించ్ దీనిని మరొక ఆఫ్రికా జాతితో సంకరం చేశాడు. నేటి రంగులకు అక్కడినుంచే దారి పడింది.

బార్బర్టన్ కొండవాలు నేల. నీరు నిలవదు. మన రేగడి అందుకు పూర్తిగా విరుద్ధం. వానకు ఉబ్బి, ఎండకు బీటలు వారి, పీల్చుకున్న నీటిని వారాల తరబడి వదలదు. పత్తికి ఆ గుణమే ప్రాణం. జెర్బరాకు అదే మృత్యువు. ఈ మొక్కకు ఆకులన్నీ నేలకు అంటుకున్న ఒకే మొదలు నుంచి వస్తాయి. ఆ మొదలు మట్టిలో కూరుకుపోయినా, ఆకుల నడుమ గుంటలో నీరు నిలిచినా కుళ్లిపోతుంది. కనుక మొదలు మట్టి మట్టానికి కొంచెం పైనే ఉండేటట్లు నాటాలి. ఎర్రమట్టి, ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు కలిపి కుండీలో పెంచడం మేలు. రేగడి సాధారణంగా క్షారగుణం గల నేల. జెర్బరా కొంచెం ఆమ్లగుణాన్ని కోరుతుంది. రేగడిలో నాటితే లేత ఆకులు పసుపుబారి, ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. అది ఇనుము అందడం లేదని మొక్క చెప్పే కబురు.

నీరు ఉదయం పూట, మొదలు తడవకుండా, అంచుల వెంట పోయాలి. చలికాలంలో ఎండ ఎంత తగిలినా మంచిదే. ఫాల్గుణం దాటిన తరువాత మాత్రం మధ్యాహ్నపు ఎండ నుంచి తప్పించాలి. రెంటచింతల ఎండలు ఎరిగిన జిల్లాలో ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. ఆశ్వయుజ, కార్తీక మాసాలలో వాయుగుండం కబురు వింటే కుండీలను వసారాలోకి చేర్చుకోవాలి. పువ్వును కత్తెరతో కోయకూడదు. కాడను మొదటికంటా పట్టి పక్కకు వంచి లాగాలి. సగం మిగిలిన కాడ కుళ్లి, ఆ కుళ్లు మొదలుకు పాకుతుంది. రెండేళ్లకొకసారి దుబ్బు విడదీసి వేరువేరుగా నాటుకుంటే మొక్క మళ్లీ పుంజుకుంటుంది.

రెండవది బంతి. వృక్షశాస్త్ర పుస్తకాలలో, విత్తనాల పొట్లాల మీద పెద్ద బంతికి ఆఫ్రికన్ మేరీగోల్డ్ అని పేరు. ఇది పచ్చి అబద్ధపు పేరు. బంతి పుట్టిల్లు మెక్సికో. స్పెయిన్ వారు పదహారవ శతాబ్దిలో అమెరికా నుంచి తెచ్చిన ఈ పువ్వు ఉత్తరాఫ్రికా తీరంలో బాగా నాటుకున్నది. అక్కడ దీనిని చూసిన ఐరోపావారు అదే దాని స్వస్థలమనుకున్నారు. పొరపాటు దిద్దుకున్నా పేరు మాత్రం పోలేదు. బంతి లేని సంక్రాంతి గొబ్బెమ్మను, దసరా గుమ్మాన్ని ఊహించుకోలేని మనకు, కొలంబస్ ప్రయాణానికి ముందు ఈ నేలపై ఆ పువ్వే లేదంటే నమ్మబుద్ధి కాదు. గుంటూరు పేరు చెబితే నాలుకకు గుర్తొచ్చే మిరపకాయ కూడా ఆ గడ్డ నుంచే, ఆ సముద్రాల మీదుగానే వచ్చింది. మిరపచేని గట్టున బంతి పూసినప్పుడు ఒకే ఊరివారు పరాయి దేశంలో ఇరుగుపొరుగుగా స్థిరపడినట్లు ఉంటుంది.

మూడవ పువ్వు కథ కొంచెం పొడవైనది. దాని పేరు పైరెత్రమ్. తెల్లని రేకలు, పసుపు దిద్దుతో చూడటానికి అతి సాధారణమైన డెయిజీ. స్వస్థలం ఏడ్రియాటిక్ తీరంలోని డాల్మేషియా. ఎండిన ఈ పువ్వును పొడి చేస్తే నల్లులు, ఈగలు, దోమలు చచ్చిపోతాయి. పందొమ్మిదవ శతాబ్ది చివర ఇది జపాను చేరింది. ఉయెయామా ఈఇచిరో 1890లో ఈ పొడితో దోమలను తరిమే అగరువత్తి చేశాడు. అది త్వరగా కాలిపోతున్నదని తరువాత దానిని చుట్టగా మార్చారు. మన ఇళ్లలో మంచం కింద వెలిగే దోమలచుట్టకు అదే పూర్వరూపం. 1920ల చివర ఈ మొక్క కెన్యా ఎత్తుభూములను చేరింది. రెండవ ప్రపంచయుద్ధంలో జపాను సరుకు ఆగిపోగా, కెన్యా ప్రధాన ఉత్పత్తిదారు అయింది. ఆ విధంగా డాల్మేషియా పువ్వు ఆఫ్రికా పువ్వయింది.

ఈ పువ్వులోని విషానికి ఒక మంచి గుణం ఉంది. అది పురుగు నరాలను దెబ్బతీస్తుంది గాని ఎండ తగిలితే త్వరలోనే విరిగిపోతుంది. ఇంట్లో అది గుణం; పొలంలో అది లోపం. ఉదయం చల్లిన మందు సాయంత్రానికి లేకపోతే రైతుకేమి లాభం? అందుకే రసాయన శాస్త్రజ్ఞులు దశాబ్దాల పాటు ఈ అణువు వెంటపడ్డారు. స్టౌడింగర్, రుజిచ్కాలు దీని నిర్మాణంపై చేసిన పరిశోధన 1924లో వెలువడింది. చివరకు ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ పరిశోధన కేంద్రంలో మైకేల్ ఇలియట్ బృందం ఎండకు తట్టుకునే కృత్రిమ రూపాలను సాధించింది. 1973లో పెర్మెత్రిన్, ఆ మరుసటి ఏడు సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ ప్రకటితమయ్యాయి. డీడీటీ కిలోల లెక్కన చల్లవలసిన చోట ఇవి గ్రాముల లెక్కన చాలు. మనుషులకూ పశువులకూ పాత మందులంత ప్రమాదం లేదు. ఇవి చిన్న విజయాలు కావు.

ఇక మన జిల్లాల సంగతి. 1970లో ఒంగోలు జిల్లాగా ఏర్పడి, 1972లో టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టుకున్న ప్రకాశం జిల్లాలోనూ, దాని తల్లి జిల్లాలలో ఒకటైన గుంటూరులోనూ ఆ దశాబ్దం నుంచి పత్తి విస్తరించింది. చిలకలూరిపేట, పర్చూరు పరిసరాల రేగడి భూములు తెల్లబంగారం పండించే భూములని పేరుపడ్డాయి. (2022 పునర్విభజనలో చిలకలూరిపేట పల్నాడు జిల్లాకు, పర్చూరు బాపట్ల జిల్లాకు వెళ్లాయి. ఈ కథ జరిగిన నాటికి ఆ గీతలు లేవు.) సంకర రకాలు వచ్చాయి, ఎరువులు పెరిగాయి, వాటి వెంట పురుగులూ పెరిగాయి. 1980ల మొదట్లో కృత్రిమ పైరెత్రాయిడ్లు మార్కెట్టులోకి వచ్చినప్పుడు రైతుకు అవి వరప్రసాదంలా కనిపించడంలో ఆశ్చర్యం లేదు. మొదటి ఏళ్లలో కాయతొలిచే శనగపచ్చ పురుగు ఆ మందుకు రాలిపోయేది.

ఆ తరువాత జరిగినది రెండు మెట్లలో జరిగింది. మొదటిది, ఈ మందు శత్రువుతో పాటు మిత్రులనూ చంపింది. అక్షింతల పురుగులు, సాలీళ్లు, అల్లిక రెక్కల పురుగులు చేలలో తగ్గిపోయాయి. వాటి కాపలా తొలగగానే తెల్లదోమ విజృంభించింది. 1980ల నడుమ ఈ జిల్లాల పత్తిని పీల్చి పిప్పిచేసింది. రెండవది, లక్షల పురుగులలో ఆ మందును తట్టుకునే శక్తి పుట్టుకతోనే ఉన్నవి కొన్ని ఉంటాయి. మిగిలినవి చావగా పొలం వాటిదయింది. ఒక్క పత్తి కాలంలోనే ఈ పురుగు పలు తరాలు గడుస్తాయి. ప్రతి తరంలోనూ అదే మందు చల్లితే, బతికేదానినే ఎంచి పెంచినట్లు అవుతుంది. విత్తనం కోసం మంచి కంకిని ఏరి దాచే రైతు చేసే పని ఏదో, పిచికారీ పంపు పురుగుల విషయంలో అదే చేసింది.

1987–88 పంటకాలంలో మందు పనిచేయలేదు. ఒకసారి చల్లి చావకపోతే రెండుసార్లు చల్లారు, రెండు మందులు కలిపి చల్లారు. ప్రతి పిచికారీ అప్పు ఖాతాలో మరొక పద్దు. మందు అమ్మే దుకాణమే అప్పిచ్చే దుకాణం కూడా అయిన చోట, ఏ మందు ఎన్నిసార్లు కొట్టాలో చెప్పేది కూడా ఆ దుకాణమే. కౌలుకు చేసినవారికి కౌలు బాకీ దీనికి అదనం. ఆ ఏడు ప్రకాశం, గుంటూరు జిల్లాలలో పత్తిరైతులు ఆత్మహత్యలు చేసుకున్నారు. తరువాతి దశాబ్దాలలో వరంగల్లు నుంచి విదర్భ దాకా విన్న వార్త మొదట విన్నది ఈ రేగడిలోనే. మందు ఎందుకు పనిచేయలేదో శాస్త్రజ్ఞులు తేల్చిన పత్రాలు ఆ తరువాత ఒకటి రెండేళ్లకు వెలువడ్డాయి. కోస్తా ఆంధ్ర పత్తిచేలలో సేకరించిన శనగపచ్చ పురుగు పైరెత్రాయిడ్లను తట్టుకుంటున్నదని అవి నిరూపించాయి. ఈ పురుగులో అటువంటి నిరోధం మన దేశంలో మొదట నమోదైనది ఇక్కడే. పరిశోధన తప్పు చేయలేదు. కాని అది చేను చేరేసరికి పంట పోయింది, మనుషులు పోయారు.

ఈ కథలో తప్పు పువ్వుదని అనలేము. ఎండకు విరిగిపోవడం అనే బలహీనతను ఆ పువ్వు తన విషంలో దాచుకున్నది. మనం ఆ బలహీనతను తొలగించాము. నిలిచి ఉండే మందు అన్ని పురుగులపై అన్ని రోజులూ పనిచేసింది. ఆ నిలకడే ఎంపికను వేగిరపరచింది. మందును పొదుపుగా, మార్చి మార్చి, అవసరమైన పురుగు లెక్క దాటినప్పుడే వాడితే ఈ గతి ఇంత త్వరగా పట్టేది కాదు. కాని పొదుపుగా వాడమని చెప్పేవారికి, ఎక్కువ అమ్మితే లాభం వచ్చేవారికి మధ్య రైతు నిలబడ్డాడు. పక్కనే ఉన్నది రెండవవారు.

ఆ దెబ్బ తరువాత సమగ్ర సస్యరక్షణ మాటకు విలువ పెరిగింది. అప్పుడు రెండవ పువ్వు మళ్లీ కథలోకి వచ్చింది. శనగపచ్చ పురుగు తల్లి రెక్కల పురుగుకు బంతిపూలంటే ప్రీతి. గట్ల వెంట, సాళ్ల మధ్య బంతి వేస్తే అది అక్కడికి వెళ్లి గుడ్లు పెడుతుంది. ఆ పూలను గిల్లి నాశనం చేస్తే సరిపోతుంది. దీనినే ఎర పంట అంటారు. పొగాకు లద్దెపురుగు కోసం ఆముదం కూడా ఇలాగే వేస్తారు. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చిన తరువాత శనగపచ్చ పురుగు భయం పత్తిలో తగ్గింది. అయితే కాలక్రమంలో గులాబీరంగు పురుగు బీటీకీ అలవాటుపడింది. 1987 పాఠమే మరొక రూపంలో మళ్లీ చదివాము.

2021–22లో మిరప వంతు వచ్చింది. త్రిప్స్ పార్విస్పైనస్ అనే పరాయి తామరపురుగు గుంటూరు, పల్నాడు ప్రాంతాల మిరపతోటలను ముంచెత్తింది. పాత తామరపురుగు ఆకుల్లో ఉండి ముడత తెచ్చేది. ఇది పూలలో దూరి పూతను రాల్చింది. రైతులు మళ్లీ మందు మీద మందు కొట్టారు. నీలిరంగు జిగురు అట్టలు పెట్టండి, విచక్షణ లేకుండా మందులు చల్లకండి అని శాస్త్రజ్ఞులు మళ్లీ చెప్పవలసి వచ్చింది.

తామరపురుగులకు జెర్బరా పువ్వన్నా ఇష్టమే. అందుకే పెరట్లో ఈ మొక్క పెంచేవారికి చివరగా ఒక మాట. రేకల మీద వెండి చారలు కనబడితే పువ్వును కోసి తెల్లకాగితం మీద దులపండి. సన్నని నలుసులు పాకితే అవి తామరపురుగులే. ఆ పువ్వును కోసి సబ్బునీటిలో ముంచి పారేయండి. కుండీ పక్కన నీలి అట్ట కట్టండి. మరీ అవసరమైతే వేపనూనె సాయంత్రం పూట చల్లండి. సీసాలోని ఘాటు మందు వద్దు. నాలుగు కుండీల పువ్వు పోయినా మనకు అప్పు పెరగదు. అదే మందుతో ముదిరిన పురుగు మన గోడ దాటి మిరపచేలోకి ఎగిరితే, అక్కడ కౌలు చేస్తున్నవానికి పెరుగుతుంది.